అత్తగారి పుట్టింటి కొండపొలం

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. పదిహేనేళ్ళుగా షార్లట్‌లో ఉంటున్నాం. మావారు అమెరికన్. మా అత్తగారి పుట్టింటివాళ్ళు నార్త్ కరోలినా పడమటి కొండల్లో, మేకన్ కౌంటీలో తరతరాల రైతులు. అత్తగారికి ఐదు తరాల పైన ఉన్న తాత 1821లో భార్యనీ ఒక ఆవునీ వెంటబెట్టుకుని కొండ దాటి వచ్చి, లిటిల్ టెనెసీ నది పక్కన అడవి నరికి పొలం చేశాడని ఇంట్లో చెప్పుకుంటారు. మా పాపకి ఆయన ఏడో తరం. కౌంటీ కేంద్రం ఫ్రాంక్లిన్ వెళ్ళి అక్కడి రిజిస్టర్లలో వెతికితే ఆయన పేరున 1834కి ముందు ఒక్క కాగితం కూడా లేదు. పాత రికార్డులు కాలిపోయి ఉంటాయని తెలిసినవాళ్ళు అన్నారు. ఇంటర్నెట్‌లో చూస్తే ఆయనకి ముగ్గురు వేర్వేరు తండ్రులు! భార్య చెరోకీ (ఆ కొండల ఆదివాసీ తెగ) యువరాణి అని ఇంకొకరు రాశారు. అత్తగారికి 84 ఏళ్ళు. ఆవిడ ఉండగానే నిజం తెలుసుకుని చెప్పాలని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? పేర్లు మాత్రం అచ్చు వేయకండి.
– ఒక పాఠకురాలు, షార్లట్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అత్తగారి పుట్టింటి గురించి ఇంత తపన పడే కోడలు ఉన్నందుకు ఆవిడ అదృష్టవంతురాలు. పేర్లు వేయడం లేదు, నిశ్చింతగా ఉండండి.

నేను కర్నూలు జిల్లాలో ముప్పై ఏళ్ళు సర్వే శాఖలో పనిచేసి, రిటైరయ్యాక నాక్స్‌విల్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చినవాణ్ణి. ఈ కొండల పాత దస్తావేజులు చదవడం ఇక్కడికొచ్చాక అలవాటైంది. అందుకే మీకు నా సలహా ఒక సర్వేయరు సలహాలాగే ఉంటుంది. ముందు ఆయన పేరు పట్టుకుని వెతకడం ఆపండి. ఆయన పొలాన్ని పట్టుకోండి. ఒకే పేరున్నవాళ్ళు ఆ కొండల్లో ఒకే కాలంలో నలుగురైదుగురు ఉంటారు. ముగ్గురు తండ్రులు పుట్టుకొచ్చింది అందుకే. ఆ వాగు పక్కన ఆ పొలం మాత్రం ఒక్కటే ఉంటుంది.

రికార్డులు కాలిపోయాయన్న మాట ఇప్పుడే నమ్మకండి. కొన్నిచోట్ల నిజంగా కాలిపోయాయి. ఇదే రాష్ట్రంలో వటాగా కౌంటీ కోర్టు 1873లో తగలబడింది. మీ విషయంలో అంతకన్నా మామూలు కారణం ఉంది. 1821లో మేకన్ కౌంటీ అన్నదే లేదు. దాన్ని 1828లో హేవుడ్ కౌంటీ నుంచి విడదీశారు. హేవుడ్‌ని 1808లో బంకోంబ్ నుంచి, బంకోంబ్‌ని 1791లో బర్క్, రూథర్‌ఫర్డ్ కౌంటీల నుంచి విడదీశారు. మనకి కర్నూలు జిల్లాలో కొంత, నెల్లూరు, గుంటూరు జిల్లాల్లో కొంత తీసి 1970లో ప్రకాశం జిల్లా చేశారు కదా. మార్కాపురం రైతు ఇంట్లోంచి కదలకుండానే జిల్లా మారిపోయాడు. ఇదీ అంతే. మీ పెద్దాయన మొదటి ఏడేళ్ళ కాగితాలు హేవుడ్ కౌంటీ కేంద్రం వేన్స్‌విల్‌లో వెతకాలి.

మరి 1828 నుంచి 1834 దాకా కూడా ఎందుకు లేవు అంటారు. దీనికి ఆ నేల కథ తెలియాలి.

ఆ లోయ 1819 దాకా చెరోకీలది. ఆ ఏడాది ఫిబ్రవరిలో జరిగిన ఒప్పందంతో అది వాళ్ళ చేతుల్లోంచి పోయింది. రాష్ట్ర ప్రభుత్వం 1820లో సర్వే చేయించి, ముక్కలకి నంబర్లు వేసి, వాయిదాల మీద అమ్మింది. కొన్నవాళ్ళు బాండు రాసిచ్చి సాగులోకి దిగారు. బాకీ మొత్తం తీరాకే పట్టా. కొండపొలంలో మొక్కజొన్న పండించి, పందుల్ని దూరపు సంతలకి తోలుకెళ్ళి అమ్ముకునే రైతుకి ఆ బాకీ తీరడానికి పదేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు. కాబట్టి 1834 కాగితం మొదటి వాక్యం మళ్ళీ చదవండి. ఇచ్చినవారు ‘స్టేట్ ఆఫ్ నార్త్ కరోలినా’ అని ఉంటే అది పట్టా. ఇంకో మనిషి పేరు ఉంటే అది క్రయం, అప్పుడు ఆ అమ్మిన మనిషి ఎవరన్నది తేల్చాలి. మామగారో పెద్దన్నో అయిన సందర్భాలు నేను చూశాను.

పట్టా అయితే మీ పంట పండినట్టే. దాని వెనకున్న సర్వే పటం రాజధాని రాలీలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటుంది. అందులో పొలం గీతల కన్నా ముందు అడుగున చూడండి. రెండు పేర్లు, వాటి పక్కన ‘సి.సి.’ అనో ‘ఎస్.సి.సి.’ అనో పొడి అక్షరాలు ఉంటాయి. ప్రమాణం చేసి గొలుసు పట్టినవాళ్ళన్నమాట. మన శాఖలో చైన్‌మన్ ప్రభుత్వ ఉద్యోగి. అక్కడ గొలుసు పట్టడానికి ఎక్కువగా ఇంటివాళ్ళో ఇరుగుపొరుగువాళ్ళో వచ్చేవారు. అన్నదమ్ములు, బావమరుదులు, ఎదిగిన కొడుకులు. వేరే ఏ కాగితంలోనూ కనపడని భార్య పుట్టింటివాళ్ళు ఇక్కడ కనపడొచ్చు.

గొలుసు కూడా మనకి కొత్త కాదు. 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన సెంటు అంటే వెయ్యి చదరపు లింకులు. వాళ్ళు ‘పోల్’ అని రాసేది పాతిక లింకులు, అంటే పదహారున్నర అడుగులు. పాత దస్తావేజు ఇలా నడుస్తుంది: ‘వాగు ఒడ్డున తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, దక్షిణం నుంచి 40 డిగ్రీలు తూర్పుకి 62 పోల్స్ పోయి ఒక చెస్ట్‌నట్ చెట్టు దగ్గరికి, అక్కడి నుంచి ఫలానావారి గట్టు వెంట...’ ఆ ఫలానావారి పేరు రాసుకోండి. చెట్టు కోసం మాత్రం కొండెక్కకండి. 1904లో న్యూయార్క్‌లో మొదట కనపడిన ఒక బూజు తెగులు నలభై, యాభై ఏళ్ళలో అమెరికా చెస్ట్‌నట్ అడవుల్ని తుడిచిపెట్టేసింది. కోట్ల చెట్లు పోయాయి. కొండ రైతులకి ఆ కాయలు తిండి, పందులకి మేత, కలప ఇళ్ళకి వాసాలు, కంచెలు. హద్దురాయికి బదులు హద్దుచెట్టు పెట్టుకున్న ఆ మనుషులకి అలాంటి రోజొకటి వస్తుందని కలలో కూడా తోచి ఉండదు. ఇంకొకటి, ఆ డిగ్రీలు అప్పటి దిక్సూచి చూపినవి. ఉత్తరం అప్పటికీ ఇప్పటికీ కాస్త జరిగింది. ఫోన్‌లో మ్యాప్ మీద అచ్చంగా అతకలేదని కంగారుపడొద్దు.

ఇక ఆయన ఎక్కడి నుంచి వచ్చాడు? జనగణన 1790 నుంచి పదేళ్ళకోసారి ఉంది. 1840 దాకా ఇంటి యజమాని పేరొక్కటే రాసి, మిగిలినవాళ్ళని వయసుల వారీగా లెక్కవేశారు. 1850 నుంచి బానిసలు కానివారందరి పేరూ వయసూ పుట్టిన రాష్ట్రమూ రాశారు. మీ పెద్దాయన 1850 దాకా బతికి ఉంటే పుట్టిన రాష్ట్రం అక్కడ దొరుకుతుంది. దానికన్నా నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటి చెప్తాను. 1830 జనగణనలో మేకన్ జాబితాలో ఆయనకి ముందు పదిమంది, తర్వాత పదిమంది పేర్లు రాసుకోండి. పట్టాలో గొలుసు పట్టినవాళ్ళనీ గట్టు కలిసినవాళ్ళనీ కలపండి. ఇప్పుడు 1820 జనగణనలో ఈ ఇంటిపేర్లన్నీ గుంపుగా ఏ కౌంటీలో ఉన్నాయో చూడండి. ఆ కొండల్లోకి ఎవరూ ఒంటరిగా పోలేదు. అన్నదమ్ములు, అత్తింటివాళ్ళు, ఒకే చర్చివాళ్ళు కలిసి కదిలారు. ఒక ఊరి ఇంటిపేర్లు ఇంకో ఊళ్ళో కనిపిస్తే వలస దారి తెలిసిపోదూ? ఆ కౌంటీలోనే ఆయన తండ్రి ఉండే అవకాశం ఎక్కువ. ఆ ముగ్గురు తండ్రుల్లో ఆ కౌంటీలో ఉన్నది ఎవరో అప్పుడు చూడండి.

ఆ తండ్రి అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి ఉంటే 1832 పింఛను చట్టం కింద కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం దొరకొచ్చు. ఎక్కడ పుట్టాడు, ఎక్కడెక్కడ కాపురం చేశాడు, అన్నీ తన నోటితో చెప్పినవే. చదవడం రాని రైతుల గొంతు మనదాకా వచ్చేది వాటిలోనే. అవి చదువుతుంటే నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది.

1850 నుంచి 1880 దాకా జనగణనతోపాటు వ్యవసాయ పట్టికలు కూడా ఉన్నాయి. మన అడంగల్ లాంటివే. సాగులో ఎన్ని ఎకరాలు, అడవి ఎన్ని ఎకరాలు, పాడి ఆవులెన్ని, పందులెన్ని, మొక్కజొన్న ఎన్ని బుషెళ్ళు, వెన్న ఎన్ని పౌన్లు, తేనె ఎంత, అవిసె నార ఎంత! పాపకి ఇది చూపించండి. తాత పేరుకన్నా ఆయన ఇంట్లో తీసిన వెన్న లెక్క పిల్లలకి బాగా గుర్తుంటుంది. అదే ఊపులో 1850, 1860 బానిసల పట్టికలు కూడా తప్పకుండా చూడండి. కొండ రైతుల్లో బానిసలున్నవాళ్ళు తక్కువే గానీ లేకపోలేదు. యజమాని పేరు కింద పేర్లు లేకుండా వయసు, ఆడా మగా అని మాత్రమే ఉంటుంది. ఆయన పేరు అక్కడ కనపడితే అత్తగారికి చెప్పండి, దాచొద్దు.

చెరోకీ యువరాణి సంగతి. చెరోకీలలో యువరాణులు లేరు. ఈ కథ ఆ కొండల్లో చాలా ఇళ్ళలో వినపడుతుంది. నిజమో కాదో తేల్చడానికి మంచి ఆధారం ఉంది. తూర్పు చెరోకీలకి రావాల్సిన పరిహారం కోసం 1906 నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. దాదాపు 46 వేలు వచ్చాయి. ప్రతి దరఖాస్తులో తాతలు, అమ్మమ్మలు, వాళ్ళ పిల్లల పేర్లు రాయాలి. తిరస్కరించినవే ఎక్కువ, అవి కూడా భద్రంగా ఉన్నాయి. అత్తగారి తాతగారి తరంవాళ్ళు దరఖాస్తు పెట్టారేమో చూడండి. ఆ ఇంట్లో ఈ మాట అప్పటికే ఉందా, తర్వాత పుట్టిందా అన్నది దానితో తెలుస్తుంది.

ఇది మాత్రం నేను మనసు పెట్టి చెప్తున్నాను. ‘అడవి నరికి పొలం చేశాడు’ అని రాసే ముందు ఆ ముక్క ఎవరిదో చూడండి. అక్కడే ఉంటామన్న చెరోకీ కుటుంబాలకి తలా 640 ఎకరాలు వదలాలని ఒప్పందంలో ఉంది. రాష్ట్రం ఆ భూముల్లో కూడా కొన్ని అమ్మేసింది. యూచెల్లా అనే చెరోకీ ఆయన కోర్టుకెక్కితే 1824లో నార్త్ కరోలినా సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఆ తర్వాత రాష్ట్రం డబ్బిచ్చి వాళ్ళ హక్కులు కొనేసింది. 1838లో చెరోకీలలో ఎక్కువమందిని సైనికులు పడమటికి తరిమేశారు. పెద్దాయన కష్టం నిజమే. ఆయనకన్నా ముందు ఆ నదిగట్టున మొక్కజొన్న వేసినవాళ్ళు ఉన్నారన్నదీ నిజమే. పాప రెండూ తెలుసుకోవాలి. మా అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం నీళ్ళ కింద ఉంది. నేల పోవడమంటే ఏమిటో ఆవిడ మొహంలో చూశాను. అందుకే ఇంత చెప్తున్నాను.

అత్తగారి దగ్గరికి రేపే వెళ్ళండి. రాలీ, వేన్స్‌విల్ ఎక్కడికీ పోవు. ‘మీ వంశం గురించి చెప్పండి’ అంటే ఎవరూ చెప్పలేరు. నీళ్ళు ఏ ఊటబావి నుంచి తెచ్చేవారు, చర్చికి ఏ దారిన నడిచేవారు, పందిని కోసిన రోజు ఎవరెవరు వచ్చేవారు, ఆ బొంత ఎవరు కుట్టారు, ఇలా అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ఇంట్లో పాత బైబిల్ ఉంటే పుట్టుకలు, చావులు రాసిన పేజీతోపాటు మొదటి పేజీలో అచ్చయిన సంవత్సరం కూడా ఫొటో తీయండి. 1850లో అచ్చయిన బైబిల్‌లో 1795 పుట్టుక ఉంటే అది తర్వాత ఎవరో గుర్తు తెచ్చుకుని రాసిందే. అన్నీ ఒకే సిరాతో ఒకే చేతిరాతలో ఉన్నా అంతే.

వేసవిలో కుటుంబ శ్మశానానికి పూలు పెట్టే రోజు ఉంటుంది, డెకరేషన్ డే అంటారు. ఆవిడని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. పేరు లేని మామూలు రాళ్ళే ఎక్కువ ఉంటాయి. ఏ రాయి ఎవరిదో తెలిసినవాళ్ళు ఆ రోజున వస్తారు. పక్కనున్న స్వెయిన్ కౌంటీలో 1944లో ఫాంటానా డ్యామ్ కట్టాక చెరువు అవతలి శ్మశానాలకి దారి మునిగిపోయింది. ఆ కుటుంబాలు ఇప్పటికీ పడవ మీద వెళ్ళి పూలు పెట్టి వస్తున్నాయి.

1834 కాగితం ఫొటో నాకు పంపండి. చేతిరాత అర్థం కానిచోట నేను చదివి పెడతాను.

ప్రశ్న: మా అల్లుడివాళ్ళది తూర్పు టెనెసీ. వాళ్ళ ముత్తవ్వ గురించి 1890 జనగణనలో వెతుకుతుంటే ఏమీ దొరకడం లేదు. తప్పు ఎక్కడ చేస్తున్నాను?
– ఒక పాఠకుడు, నాష్‌విల్

జవాబు: తప్పు మీది కాదు. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల 1890 జనగణన దాదాపు మొత్తం పోయింది. 1880 నుంచి నేరుగా 1900కి దూకండి. 1900లో పుట్టిన నెల, సంవత్సరం, పెళ్ళయి ఎన్నేళ్ళయింది కూడా రాశారు. ఆడవాళ్ళ వరుసలో ఇంకో రెండు గడులుంటాయి. మొత్తం ఎంతమందిని కన్నది, ఇప్పుడు ఎంతమంది బతికున్నారు. ముత్తవ్వ గడుల్లో ఆ రెండు అంకెల తేడా ఎంతో చూసుకుని, తర్వాత వాళ్ళ శ్మశానానికి వెళ్ళి చిన్న రాళ్ళు లెక్కపెట్టండి.