97 శాతం అని మురిసిపోకు బుజ్జీ

బుజ్జీ,

ఫోటో చూసి రొయ్య మంచిదో పాడైందో కంప్యూటర్ చేత చెప్పించే నీ ప్రాజెక్టు కాగితాలు రాత్రి రెండుసార్లు చదివాను. తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి వెయ్యి రొయ్యల ఫోటోలు తీశావు, ఒక్కోదానికీ మంచిదో పాడైందో లేబుల్ రాశావు. ఆ ఓపికకే సగం మార్కులు ఇచ్చేస్తాను.

కానీ మొదటి పేజీలో పెద్దక్షరాలతో వేసిన 97 శాతం యాక్యురసీ (మొత్తంలో సరిగ్గా చెప్పినవి) తీసేయమ్మా. నీ వెయ్యిలో పాడైనవి 30. ఏ ఫోటో చూపించినా "మంచిదే" అనే క్లాసిఫయర్‌కి (మంచి, చెడు వేరుచేసే ప్రోగ్రాంకి) కూడా 970 సరిపోతాయి, అదీ 97 శాతమే. అసలు సంగతి మూడో పేజీలో నువ్వు చిన్నగా వేసిన పట్టికలో ఉంది. పాడైన 30లో నీ మోడల్, అంటే నువ్వు తయారుచేసిన క్లాసిఫయర్, పట్టుకున్నవి 12. మిగతా 18 ఎవరింటి కూరలోకో వెళ్ళిపోతాయి. మంచివాటిలో ఇంకో 12ని పాడయ్యాయంది. ఈ రెండు తప్పులూ సమానం కావు. పక్కన పెట్టిన మంచి రొయ్యని మళ్ళీ చేత్తో చూసుకోవచ్చు, కూరలో పడిన చెడ్డదాన్ని ఏం చేస్తాం?

మోడల్ ఇచ్చేది ఒక సంఖ్య, రొయ్య పాడై ఉండే అవకాశం ఎంతో 0 నుంచి 1 మధ్య చెబుతుంది. 0.5 దాటితేనే పాడైందని గీత గీసింది నువ్వు. దాన్ని 0.2కి దించి, ఎన్ని ఎక్కువ దొరికాయో, ఎన్ని మంచివి అనవసరంగా పక్కకి పోయాయో రాసుకో. ఎక్కడ ఆపాలో రొయ్యలు ఏరే అమ్మల్ని అడుగు. గీత ఎంచుకోవడానికి వాడిన ఫోటోలతో చివరి పరీక్ష మాత్రం పెట్టకు.

ఇంకో అనుమానం నన్ను నిద్రపోనివ్వలేదు. ఒకే గంప ఫోటోలు కొన్ని ట్రైనింగులోకి (మోడల్‌కి నేర్పడానికి), కొన్ని టెస్టులోకి (దాన్ని పరీక్షించడానికి) వెళ్ళాయా? వెళ్తే మోడల్ గంప రంగునో, ఆ పూట వెలుతురునో గుర్తుపెట్టుకుని ఉంటుంది. నేను ఫౌండ్రీలో ఉన్నప్పుడు ఒకే హీట్‌లో, అంటే ఒకసారి కరిగించిన లోహంతో, పోసిన ముక్కల్ని ఇలాగే రెండు వైపులా పంచి, ఫలితాలు బాగున్నాయని నెలరోజులు నమ్మాను. కొత్త హీట్ రాగానే అన్నీ తప్పాయి.

న్యూరల్ నెట్‌వర్క్ లాంటి పెద్ద మోడల్ తర్వాత. ముందు రొయ్య నాలుగైదు కొలతలతో, రెండు గుంపుల మధ్య ఒక గీత గీసి విడదీసే సాదా పద్ధతి నడుపు. 1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఐరిస్ పూలకు నాలుగు కొలతలతో చేసింది అదే. దాన్ని రెండు గుంపుల నుంచి ఎక్కువ గుంపులకు 1948లో విస్తరించింది గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు, నువ్వు చదివే ఆంధ్రా యూనివర్సిటీలోనే గణితం చదివినవారు. ఆయన పేరు నీ రిపోర్టులో లేకపోవడం నాకు బాధేసింది.

గంపల వారీగా విడగొట్టి మళ్ళీ నడిపి, ఆ పట్టిక పట్టుకుని ఆదివారం ఎంవీపీ కాలనీకి రా. శాతం తగ్గినా సరే, తీసుకురా.

పెదనాన్న