నేరస్తుల ఆలోచనా ధోరణిని ఎలా కొలుస్తారు?

ఇందుకు బాగా పేరున్న పరీక్ష ‘పిక్ట్స్’ (సైకలాజికల్ ఇన్వెంటరీ ఆఫ్ క్రిమినల్ థింకింగ్ స్టైల్స్). అమెరికా ఫెడరల్ జైళ్లలో సైకాలజిస్టుగా పనిచేసిన గ్లెన్ వాల్టర్స్ దీన్ని తయారుచేశారు. ఇందులో 80 వాక్యాలుంటాయి. ఒక్కోదాన్నీ తాను ఎంతవరకు ఒప్పుకుంటాడో ఖైదీ నాలుగు స్థాయుల్లో గుర్తుపెడతాడు. వాటినుంచి ఎనిమిది ధోరణులకు స్కోర్లు వస్తాయి. ‘పరిస్థితులే నన్నిలా చేశాయి’ అని తప్పును పక్కకు నెట్టడం ఒకటి, ‘అది తీసుకునే హక్కు నాకుంది’ అనుకోవడం ఇంకొకటి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది, నాకు తోచినంతవరకు, ‘నేను దొరకను’ అనే అతి ధీమా.

మరి అబద్ధం చెబితే? తనను మరీ మంచివాడిగా చూపించుకుంటున్నాడా, ప్రశ్నలు సరిగా అర్థంకాకుండానే నింపేశాడా అని పట్టుకోవడానికి విడిగా రెండు స్కేళ్లున్నాయి. అయినా ఈ స్కోరు ఒక్కదాన్నే చూసి ఎవరి విడుదలనూ ఆపకూడదు. కౌన్సెలింగ్ ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడానికే ఇది బాగా పనికొస్తుంది.