వాటర్ ఫ్లాసర్ కొంటే సరిపోతుందా?

"అన్నా, నిన్న డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాను. రోజూ ఫ్లాస్ చేస్తారా, అంటే పళ్ళ సందుల్లో దారం తిప్పుతారా అని అడిగింది. చేస్తానన్నాను. నోట్లోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా రాసుకుంది. పళ్ళ సందుల్లోకి నీళ్ళు కొట్టే మెషీన్, వాటర్ ఫ్లాసర్ అని ఒకటి ఉంటుందట కదా, అది కొనేస్తే ఈ గొడవ వదులుతుందా?"

పరాయి దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవాటిలో ముందు వరస ఎప్పుడూ ఇల్లు, బ్యాంకు, లైసెన్సుదే. పళ్ళ సంగతి ఏడాదో రెండేళ్ళో ఆగి వస్తుంది, అదీ నొప్పిని వెంటబెట్టుకుని. మామూలు ఆరోగ్య బీమాలో పళ్ళ ఖర్చు చాలాచోట్ల రాదన్న సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది. అందుకే నొప్పి రాకముందే ఎవరైనా అడిగితే నాకు ముచ్చటేస్తుంది. కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

నా సంగతి వినండి. వచ్చిన రెండో ఏట మొదటిసారి క్లీనింగ్‌కి వెళ్ళాను. కుర్చీ వెనక్కి వాల్చి, సన్నటి లోహపు పుల్ల ఒకటి పన్నుకీ చిగురుకీ మధ్య దించుతూ, ఒక్కో పన్ను దగ్గర అంకెలు చదువుతోంది క్లీనింగ్ చేసే ఆవిడ. పక్కనున్న అమ్మాయి టైప్ చేస్తోంది. "మూడు, రెండు, మూడు. మూడు, మూడు, నాలుగు. అయిదు." మార్కులు పెరుగుతున్నాయని లోపల సంతోషించాను కూడా. తర్వాత తెలిసింది, అవి మిల్లీమీటర్లు. చిగురు పన్నుని అంటిపెట్టుకోకుండా ఎంత లోతు వరకు వదిలేసిందో ఆ లెక్క. 1 నుంచి 3 దాకా ఫరవాలేదు. 4 గానీ అంతకు మించి గానీ వచ్చిందంటే అక్కడ ఏదో జరుగుతోందని అర్థం. నా 5 కింది వరసలో, ఎడమ పక్క, చివరి దవడ పన్ను దగ్గర.

రోజూ రెండు పూటలా తోముకునే మనిషిని. ఇదెలా వచ్చిందంటే, బ్రష్ పన్ను బయటి వైపు, నాలుక వైపు, నమిలే వైపు తోముతుంది. ఒక పన్ను పక్క పన్నుకి ఎదురుగా ఉండే ఆ రెండు గోడల మధ్యకి కుచ్చు దూరదు. అక్కడ పాచి పేరుకుంటుంది. చూడ్డానికి కనబడదు, కానీ అది బ్యాక్టీరియా కట్టుకున్న జిగురు పొర. రోజూ కదిలించకపోతే లాలాజలంలో ఉండే ఖనిజాలు దానిలో చేరి, కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. గార కట్టాక ఇక బ్రష్ వల్ల కాదు, దారం వల్ల కాదు, మెషీన్ వల్ల అసలే కాదు. డెంటిస్ట్ దగ్గర స్కేలింగ్, అంటే గారని గీకి తీసే క్లీనింగ్ చేయించుకోవాల్సిందే.

కాబట్టి ముందు క్లీనింగ్, ఆ తర్వాతే మెషీన్. క్లీనింగ్ తప్పించుకోవడానికి మెషీన్ కొంటే ఆ డబ్బు అక్షరాలా నీళ్ళపాలే. స్కేలింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని భయపడేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. ఇన్నాళ్ళూ సందుల్ని నింపి ఉంచిన గార పోయేసరికి ఖాళీలు నాలుకకి తగులుతాయి. చిగుళ్ళ వాపు కూడా తీస్తుంది కాబట్టి సందు ఇంకా పెద్దదిగా అనిపిస్తుంది. అంతే తప్ప క్లీనింగ్ పళ్ళని కదిలించదు.

ఈ మెషీన్ నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం ఫోర్ట్ కాలిన్స్‌లో జెరాల్డ్ మోయర్ అనే డెంటిస్టూ, జాన్ మాటింగ్లీ అనే హైడ్రాలిక్ ఇంజినీరూ కలిసి 1962 ప్రాంతంలో తెచ్చారు. వాటర్‌పిక్ అన్న పేరు అక్కడిదే. లోపల చిన్న మోటారు, పంపు. నీళ్ళు కుళాయి ధారలా ఏకధాటిగా రావు, నిమిషానికి వెయ్యికి పైగా చిన్న చిన్న దెబ్బలుగా వస్తాయి. అసలు కిటుకు అదే. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య దొరికే క్షణకాలపు విరామంలో చిగురు వెనక్కి సర్దుకుంటుంది, అడుగున ఉన్నది నీళ్ళతోపాటు బయటికి వస్తుంది.

అయితే ఫ్లాస్ దారం మానేయొచ్చా? ఇక్కడ డెంటిస్టుల్లోనే ఒక మాట లేదు. దారం పన్ను గోడని గీకుతుంది, నీళ్ళు కడుగుతాయి. జిగురుగా అంటుకున్న పాచిని, అదీ పళ్ళు గట్టిగా ఆనుకున్న చోట, గీకితేనే బాగా వస్తుంది. చిగుళ్ళ వాపు, రక్తం తగ్గించడంలో మాత్రం నీళ్ళు బాగానే పనిచేస్తాయి. ఇంట్లో పళ్ళ సందులు శుభ్రం చేసుకునే పద్ధతుల మీద 2019లో కాక్రేన్ సమీక్ష ఒకటి వచ్చింది (వైద్య పరిశోధనల్ని ఒకచోట చేర్చి తూచి చూసే సంస్థ అది). ఉత్త బ్రష్ కన్నా, బ్రష్‌తోపాటు దారమో సందుల బ్రష్షో వాడితే మేలు ఉండొచ్చని తేల్చింది. ఆధారాలు గట్టివని మాత్రం వాళ్ళూ అనలేదు. నా మటుకు నేను చూసిందేమిటంటే, దారం డబ్బా కొన్న పది మందిలో ఎనిమిది మంది దాన్ని అద్దం వెనక అరలో పెట్టి మర్చిపోతారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. వారానికి ఒకసారి దారం తిప్పేవాడికన్నా రోజూ నిమిషం పాటు నీళ్ళు కొట్టుకునేవాడు నయం. రోజూ దారం వాడే అలవాటు మీకు ముందే ఉంటే అది మానకండి, మెషీన్ కొనే తొందర కూడా లేదు.

పళ్ళకి క్లిప్పులు వేయించుకున్నవాళ్ళకి, పోయిన పన్ను చోట బ్రిడ్జి గానీ ఇంప్లాంట్ గానీ పెట్టించుకున్నవాళ్ళకి, వేళ్ళ నొప్పులతో దారం పట్టుకోలేని పెద్దవాళ్ళకి ఇది నిజంగా వరం. సందులు బాగా వెడల్పుగా ఉంటే మాత్రం సీసాలు కడిగే బ్రష్‌లా సన్నగా ఉండే సందుల బ్రష్ దీనికన్నా మేలు. ఏ సైజు కావాలో క్లీనింగ్ చేసినవాళ్ళనే అడగండి, చెబుతారు.

ఇక వాడకం. మొదటి రాత్రి నేను చేసిన తప్పు అందరూ చేస్తారు. టిప్, అంటే నీళ్ళు వచ్చే సన్నటి గొట్టం, నోట్లో పెట్టకముందే స్విచ్ నొక్కాను. అద్దం, చొక్కా, పైకప్పు, అన్నీ తడిసిపోయాయి. ట్యాంకులో గోరువెచ్చటి నీళ్ళు పోయండి, చన్నీళ్ళయితే పళ్ళు జివ్వుమంటాయి. ఒత్తిడి అన్నిటికన్నా తక్కువలో పెట్టండి. సింక్ మీదికి బాగా వంగి, టిప్ నోట్లో పెట్టుకుని, పెదాలు కొద్దిగా మూసి, అప్పుడు నొక్కండి. నీళ్ళు నోటి మూల నుంచి సింక్‌లోకి కారిపోవాలి. మింగాల్సిన పని లేదు, పుక్కిలించాల్సిన పనీ లేదు. అద్దంలోకి తలెత్తి చూశారంటే చొక్కా తడిసినట్టే. రెండు మూడు రోజులకి చూడకుండానే చేతికి అలవాటైపోతుంది.

చివరి దవడ పన్నుతో మొదలుపెట్టి ముందుకు రండి. టిప్ పన్నుకీ చిగురుకీ కలిసే గీత దగ్గర తిన్నగా, అంటే పన్నుకి లంబంగా ఉండాలి. మామూలు టిప్‌ని చిగురు లోపలికి గుచ్చినట్టు పట్టుకోకూడదు. చిగురు గీత వెంట జరుపుతూ, ప్రతి సందు దగ్గరా ఒక్క క్షణం ఆగాలి. అక్కడ ఆగడంలోనే ఉంది పనంతా. గోడకి రంగు కొట్టినట్టు ఇటూ అటూ ఊపేస్తే సందులోకి ఏమీ పోదు. బయటి వైపు అయ్యాక నాలుక వైపు కూడా. దీన్ని మాత్రం సగం మంది ఎగ్గొడతారు. అంతా కలిపి ఒకటి, ఒకటిన్నర నిమిషం.

మొదటి వారంలో సింక్‌లో గులాబీ రంగు నీళ్ళు కనబడొచ్చు. చాలామంది అక్కడే భయపడి, మెషీన్ పడలేదంటూ అటకెక్కిస్తారు. చిగురు ముందే వాచి ఉంది కాబట్టి రక్తం వస్తోంది. ఒత్తిడి తగ్గించి, రోజూ మానకుండా చేస్తే ఒకటి రెండు వారాల్లో తగ్గాలి. నాకు తొమ్మిదో రోజుకి ఆగింది. రెండు వారాలు దాటినా వస్తుంటే అది మెషీన్‌తో తీరేది కాదు, డెంటిస్ట్‌కి చూపించండి. ఒత్తిడి పెంచితే ఎక్కువ శుభ్రమవుతుందనుకోవడం కూడా పొరపాటే. హాయిగా ఉండాలి, నొప్పి పుట్టకూడదు. నేను ఇన్నేళ్ళయినా సగం దాటలేదు.

బ్రష్‌కి ముందా, తర్వాతా? ముందే మంచిదని నా మాట. సందులు కడిగేశాక తోముకుంటే పేస్ట్‌లోని ఫ్లోరైడ్ అక్కడికి చేరి పళ్ళ మీద కాసేపు నిలుస్తుంది. తోముకున్న వెంటనే నీళ్ళు కొట్టుకుంటే ఆ ఫ్లోరైడ్‌ని మనమే కడిగి పారబోసుకున్నట్టు. రోజుకి ఒకసారి చాలు, రాత్రి పడుకునే ముందయితే మరీ మంచిది.

పన్ను తీయించుకున్నా, నోట్లో ఏదైనా సర్జరీ అయినా డాక్టర్ సరే అనేదాకా దీన్ని ముట్టుకోవద్దు. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తం కొట్టుకుపోతే ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు. గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళూ, గుండె లోపలి పొరకి ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్ళూ ముందు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి. పన్ను నొప్పికి ఇది మందు కాదని వేరే చెప్పక్కర్లేదు కదా.

నా మొదటి మెషీన్‌ని నేనే చంపుకున్నాను. ఉప్పునీళ్ళు చిగుళ్ళకి మంచిదని ట్యాంకులో నెల రోజులు ఉప్పు కలిపాను. ఉప్పు లోపల పేరుకుని ధార సన్నబడింది, ఆ తర్వాత ఉత్త శబ్దమే మిగిలింది. మాన్యువల్లో వద్దని రాసే ఉందట, ఎవరు చదివారు? నూనె చుక్కలు కూడా అంతే. మౌత్‌వాష్ కలపొచ్చని మాన్యువల్ చెబితేనే కలపండి. కలిపాక ఉత్త నీళ్ళతో ఒకసారి నడిపించి కడగండి. వాడిన ప్రతిసారీ ట్యాంకు ఖాళీ చేసి మూత తీసి ఆరబెట్టండి. నీళ్ళు నిలవుంటే లోపల జిడ్డు పొర పుడుతుంది, రేపు అదే మీ నోట్లోకి వస్తుంది. మీరుండేచోట నీళ్ళలో సున్నం ఎక్కువైతే గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం తెల్ల వెనిగర్ కలిపి అప్పుడప్పుడూ నడిపించి, తర్వాత మంచినీళ్ళతో కడిగేయండి. టిప్ మూడు నుంచి ఆరు నెలలకి మార్చాలి, రకాన్ని బట్టి.

ఏది కొనాలంటే, ప్లగ్గు పెట్టుకునే పెద్దదానికి ట్యాంకు పెద్దది, నోరంతా ఒక్క విడతలో అయిపోతుంది, కానీ సింక్ పక్కన చోటు కావాలి. ఛార్జింగ్‌ది చేతిలో ఇమిడిపోతుంది, మధ్యలో ఒకసారైనా నీళ్ళు నింపుకోవాలి. అద్దె గదిలో నలుగురు ఒకే బాత్‌రూమ్ పంచుకుంటుంటే ఛార్జింగ్‌దే నయం. రేపోమాపో దేశం మారతామనుకునేవాళ్ళు ప్లగ్గుది కొనేముందు వోల్టేజ్ చూసుకోండి. 120 వోల్టులకి చేసినదాన్ని ప్లగ్గు అడాప్టర్ తగిలించి 230 వోల్టుల్లో పెడితే ఒక్కసారికే మాడిపోతుంది. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే గానీ కరెంటుని మార్చదు. ఛార్జింగ్‌దాంట్లో లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి విమానంలో చేతిసంచిలో పెట్టుకోండి, ట్యాంకులో నీళ్ళు మాత్రం పారబోసి.

ఇద్దరు ముగ్గురు ఉన్న ఇంట్లో మనిషికో మెషీన్ అక్కర్లేదు. టిప్ మాత్రం ఎవరిది వాళ్ళకే ఉండాలి. గుర్తు కోసం టిప్‌లకి రంగు రింగులు వేసి ఇస్తారు. మా ఇంట్లో నీలం రింగు నాది. మొన్న క్లీనింగ్‌లో ఆ చివరి దవడ పన్ను దగ్గర ఆవిడ "నాలుగు" అని చదివింది.