కార్డు కొత్తది, ప్రాసెసర్ పాతది: బోర్డు కూడా మార్చాలా?

ప్రశ్న: సార్, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, భీమవరంలో బీటెక్ చదువుతున్నాను. 2018 చివర్లో మా అన్నయ్య కొన్న కంప్యూటర్ ఇప్పుడు నా చేతికొచ్చింది. రైజెన్ 3 2200జీ ప్రాసెసర్, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్కు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా). సంక్రాంతికి మా బావగారు తను వాడిన రేడియన్ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు ఇచ్చారు. పెట్టగానే గేములు ఎగిరిపోతాయనుకున్నాను. ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) 80, 90 అని చూపిస్తోంది గానీ కారు గేములో ఊరి మధ్యలో స్పీడుగా తోలినప్పుడు, వాలరెంట్ అనే షూటింగ్ గేములో నలుగురు ఒకేసారి ఎదురొచ్చినప్పుడు అరక్షణం బిగుసుకుపోతోంది, ఆ అరక్షణంలోనే నేను చచ్చిపోతున్నాను. షాపతను బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మొత్తం మార్చేయమంటున్నాడు. నాన్నగారేమో చెరువు పట్టుబడి అయ్యాక చూద్దాం అంటున్నారు. ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే చాలదా?

జవాబు: చాలు. బోర్డు జోలికి వెళ్ళకండి. పట్టుబడి దాకా ఆగాల్సినంత ఖర్చు కూడా కాకపోవచ్చు.

మీ ఊళ్ళో ఊడ్పులు చూసే ఉంటారు కదా. ఆకుమడిలో ఆకు తీసి కట్టలు కట్టి విసిరేవాళ్ళు ఇద్దరే ఉండి, చేలో నాటేవాళ్ళు ఇరవైమంది ఉన్నారనుకోండి, ఆ ఇరవైమందీ నడుం మీద చెయ్యేసుకుని గట్టు వైపు చూస్తూ నిలబడాల్సిందే, కూలి మాత్రం ఇవ్వాల్సిందే. గేములో ఎవరు ఎక్కడున్నారు, బుల్లెట్ ఎవరికి తగిలింది, ఈ ఫ్రేములో ఏ బొమ్మలు గీయాలి అని తేల్చి కట్ట కట్టి విసిరేది ప్రాసెసర్, నాటేది కార్డు. మీ 2200జీకి నాలుగు కోర్లు (పనిచేసే చేతులు), నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ) 4 ఎంబీ. 2018లో, అదీ దాని సొంత గ్రాఫిక్స్‌తో, అది మంచి సరుకే. దాని పక్కన 6600 పెట్టడం అంటే ఇరవైమంది కూలీల్ని పిలిచి ఆకుమడి దగ్గర ఇద్దరినే ఉంచడం.

80 ఎఫ్‌పీఎస్ అంటున్నారు, అది సగటు. సెకనుకి 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. తొంభై ఫ్రేములు గబగబా వచ్చి ఒక్క ఫ్రేము 100 మిల్లీసెకన్లు తీసుకున్నా సగటు పెద్దగా కదలదు, మీకు మాత్రం ఆట ఆగినట్టే. అందుకే సగటు చూసి మోసపోకండి, ‘1% Low’ అనే అంకె చూడండి, అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అది.

డబ్బు తీసేముందు ఒక సాయంత్రం పరీక్ష చేయండి. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాం, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ వేసుకుంటే గేము మీదే అంకెలు కనిపిస్తాయి. బిగుసుకుపోయే చోట కార్డు వాడకం 95 శాతం పైన ఉంటే పని ఎక్కువై కార్డే అలిసిపోయిందని అర్థం. 50, 60 దగ్గర తిరుగుతూ ప్రాసెసర్ 100 కొడుతుంటే దోషం ప్రాసెసర్‌దే. ఇంకా సులువైన పద్ధతి: రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించండి. ఎఫ్‌పీఎస్ పెరగలేదంటే కార్డుకి పని తగ్గించినా లాభం లేదన్నమాట, మీకు అదే జరుగుతుందని నా అంచనా.

ర్యామ్ సంగతి. 8 జీబీ ఒకే స్టిక్కుతో నడపడం ఒంటెద్దు బండి తోలడమే. అలాంటిదే ఇంకో 8 జీబీ స్టిక్కు పెడితే డ్యూయల్ ఛానల్ అవుతుంది, మెమరీకి దారి రెట్టింపవుతుంది. ముందు ఇది చేసి వారం ఆడి చూడండి. బిగుసుకోవడంలో కొంత భాగం దీంతోనే పోవచ్చు. కొత్తవి కొంటే 3200 స్పీడువి రెండు కొని, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే ముందు లేచే బోర్డు ప్రోగ్రాం) ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ స్పీడు సెట్టింగు ఆన్ చేయడం మర్చిపోకండి, చాలామంది ఏళ్ళ తరబడి 3200 ర్యామ్‌ని 2400లో నడిపేస్తూ ఉంటారు.

ఇక ప్రాసెసర్. రైజెన్ 5 5600 తీసుకోండి. ఆరు కోర్లు, 12 థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్, 65 వాట్లే, అంటే మీ పాతదానికి రాసినంతే. ఎస్‌ఎంపీఎస్ కంపెనీదైతే 450 వాట్లు సరిపోతాయి, 6600 కార్డు తినేది 132 వాట్లే. స్టిక్కరు మీద మాత్రమే 450 ఉన్న లోకల్ డబ్బా అయితే ముందు దాన్ని మార్చండి, చెరువుల్లో గాలి కలిపే ఏరేటర్లన్నీ ఒకేసారి ఆన్ అయ్యే మన ఊళ్ళ కరెంటుతో పందేలొద్దు.

పేరు దగ్గర జాగ్రత్త. 5600, 5600జీ, 5500 మూడూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, మూడింటికీ ఆరు కోర్లే, కానీ వెనక రెండింటికీ క్యాష్ 16 ఎంబీయే. గేముల్లో ఆ సగం క్యాష్ తేడా తెలుస్తుంది. వాటికి పీసీఐఈ (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి) 3.0 మాత్రమే అని కూడా భయపెడతారు, అది మీకు అంటదు, బీ450లో ఎలాగూ 3.0యే. షాపతను ‘జీ ఉంటే ఇంకా ఎక్కువ కదండీ’ అంటే నవ్వి ఊరుకోండి. 96 ఎంబీ క్యాష్ ఉన్న 5700ఎక్స్3డీ గొప్పదే, మీ కార్డుకి ఎక్కువ. బోర్డు మార్చి ఏఎం5 అనే కొత్త సాకెట్‌కి వెళ్తే డీడీఆర్5 ర్యామే కొనాలి, మీ ర్యామ్ అక్కడ పనికిరాదు, షాపతని లెక్క పెరిగేది అక్కడే.

అసలు జాగ్రత్త బయోస్‌ది. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, 5600 పెట్టాక చేద్దామంటే స్క్రీనే రాదు. బోర్డు మీద మోడల్ పేరు, రివిజన్ నంబరు ప్రింటై ఉంటాయి, కంపెనీ సైటులో ఆ బోర్డు పేజీలో ఏ ప్రాసెసర్‌కి ఏ బయోస్ కావాలో పట్టిక ఉంటుంది. కొన్ని బోర్డులకి మధ్యలో ఇంకో వెర్షన్ ఎక్కించి ఆ తర్వాతే కొత్తది ఎక్కించమంటారు, అది చదవకుండా మొదలుపెట్టకండి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ చాలు. మధ్యలో కరెంటు పోతే మాత్రం బోర్డు మూగబోతుంది. యూపీఎస్ లేకపోతే ఇన్వర్టర్ ఉన్న ఫ్రెండు ఇంట్లో చేసుకోండి, గాలీ వానా ఉన్న రోజు వద్దు.

తర్వాత ప్రాసెసర్ మీది కూలర్. నేను మొదటిసారి ఏఎం4 (మీ బోర్డు సాకెట్ ఇదే) కూలర్ తీసినప్పుడు స్క్రూలు విప్పి చల్లగా ఉన్నదాన్ని సర్రున పైకి లాగాను. మధ్యలో వేడి లాగే పేస్టు గట్టిపడి ఉంది, సాకెట్ లివర్ మూసే ఉన్నా ప్రాసెసర్ కూలర్‌కి అంటుకుని సాకెట్లోంచి ఊడొచ్చేసింది. ఈ ప్రాసెసర్లకి పిన్నులు కిందే ఉంటాయి, మొత్తం 1331. వాటిలో ఒక మూల వరస గాలివానకి పడిన చేనులా వాలిపోయింది. లెడ్ తీసేసిన పెన్సిల్ మొనలో ఒక్కో పిన్నూ దూర్చి నిలబెట్టేసరికి రాత్రి రెండయింది, ఆ టెన్షన్ మీకొద్దు. పావుగంట గేము ఆడి ప్రాసెసర్ వేడెక్కాక ఆపండి, ప్లగ్ పీకండి, స్క్రూలు విప్పి సీసా మూతలా అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు ఎత్తండి. స్క్రూలు విప్పేటప్పుడు బోర్డు వెనక ఇనపరేకు జారిపోతుంది, ఎవరినైనా పట్టుకోమనండి. ట్రే ముక్క (పెట్టె, కూలర్ లేకుండా అమ్మే ప్రాసెసర్) తక్కువకి దొరికితే తీసుకోవచ్చు, మీ పాత కూలరే సరిపోతుంది, పేస్టు మాత్రం కొత్తది.

ఆన్ చేయగానే ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్ లోపలి భద్రతా తాళం) మారింది, వై నొక్కు, ఎన్ నొక్కు అని నల్ల స్క్రీన్ రావచ్చు, కంగారు పడకండి. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో లేకపోతే వై నొక్కేయండి, ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. ఏమీ రాకపోతే మానిటర్ వైరు ఎక్కడ పెట్టారో చూడండి. 2200జీకి సొంత గ్రాఫిక్స్ ఉంది కాబట్టి బోర్డుకి పెట్టినా బొమ్మ వచ్చేది, 5600కి లేదు, కార్డుకే పెట్టాలి. దీనికే బోర్డు పోయిందని షాపుకి మోసుకెళ్ళినవాళ్ళని చూశాను.

ప్రశ్న: నా దగ్గర ఐ5 7400, హెచ్110 బోర్డు ఉన్నాయి. సాకెట్ ఒకటేనట, ఎనిమిదో జనరేషన్ ఐ5 వేసుకోవచ్చా? (రాజోలు నుంచి)

జవాబు: వద్దండీ. రెండింటి సాకెట్‌నీ 1151 అనే అంటారు, కానీ ఎనిమిది, తొమ్మిది జనరేషన్లకి 300 సిరీస్ బోర్డు కావాలి. మీ బోర్డులో చివరికి ఎక్కేది ఐ7 7700 రకమే, నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. ఎవరైనా చవగ్గా ఇస్తే సరే, లేదంటే దానికోసం వెతికి ఎక్కువ పెట్టకండి, దాన్ని కూడా విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ విషయంలో బోర్డు మార్చడమే నయం. ఐ5 12400ఎఫ్ తీసుకుని డీడీఆర్4 ర్యామ్ పట్టే బోర్డు అడగండి, గట్టిగా అడగండి, అవే ప్రాసెసర్లకి డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. మీ పాత ర్యామ్ డీడీఆర్4 అవునో కాదో మాత్రం స్టిక్కు తీసి చూశాకే బయల్దేరండి, హెచ్110లో డీడీఆర్3 బోర్డులూ వచ్చాయి.