3,60,360కి కారణాంకాలు 48 కాదు, 192

3,60,360కి ఎన్ని కారణాంకాలు అన్న లెక్కలో మీకు 48 వచ్చిందని, జవాబుల కీలో 192 ఉందని, ఏది కరెక్టని అడిగారు. మీకు 48 వచ్చిందంటే 360 × 1001గా విడగొట్టి, 1001ని ప్రధాన సంఖ్య అనుకుని ఉంటారు. 360కి 24 కారణాంకాలు, దాన్ని రెట్టింపు చేశారు. కీలో ఉన్న 192 కరెక్టే.

1. 1001ని 2, 3, 5తో చూసి ఆపేయకండి. దాని వర్గమూలం సుమారు 31.6. కాబట్టి 31 వరకూ ప్రతి ప్రధాన సంఖ్యతోనూ చూడాలి. అందరూ వదిలేసేది ఇదే. ఇక్కడ శ్రీకాకుళంలో నా ట్యూషన్ పిల్లల నోట్సుల్లోనూ ఏటా 1001 చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుడుతుంటాను. 7తో భాగించండి, 143 వస్తుంది. అది 11 × 13.

2. 3,60,360 = 2³ × 3² × 5 × 7 × 11 × 13.

3. ఒక్కో ఘాతాంకానికి (పైన రాసే చిన్న అంకె; 5, 7, 11, 13లకు అది 1) 1 కలిపి గుణించండి: 4 × 3 × 2 × 2 × 2 × 2 = 192.

482482లా మూడంకెలు రెండుసార్లు వస్తే ముందు 1001 బయటకు తీయండి (482 × 1001). విజయనగరంలో మీ పరీక్ష రోజు టైం మిగులుతుంది.