పాత స్లాషర్‌కు 34,000 పెట్టాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: ఏలూరు జిల్లాలో మాకు 14 ఎకరాల పామాయిల్ తోట ఉంది. గడ్డి కోయడానికి తొమ్మిదేళ్ల కిందట కొన్న ట్రాక్టర్ స్లాషర్ గేర్‌బాక్స్ నుంచి ఆయిల్ కారుతోంది, పై రేకు తుప్పు పట్టింది. బాగుచేయడానికి బ్లేడ్లు, బోల్టులకు 5,000, గేర్లు, బేరింగులు, సీళ్లకు 15,000, రేకు పనికి, కూలికి 14,000 రూపాయలవుతాయని మెకానిక్ అంచనా వేశారు. కొత్తది 1,10,000 రూపాయలు, పాతది ఇచ్చేస్తే 12,000 తగ్గిస్తామంటున్నారు. కొత్తది కొంటే పన్ను కూడా కలిసొస్తుందని మా బావగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా బ్లేడ్ల ఖర్చును లెక్కలోంచి తీసేయండి. కొత్త యంత్రానికైనా అరిగినప్పుడల్లా అవి మార్చాల్సిందే కాబట్టి పోల్చవలసింది 29,000 రూపాయలను, పాతది ఇచ్చాక మీరు చెల్లించే 98,000 రూపాయలతో. కొత్తది పదేళ్లు వస్తుందనుకుని, సగటు పెట్టుబడిపై, అంటే పెట్టిన డబ్బులో సగంపై, పది శాతం వడ్డీ కలిపితే ఏడాదికి సుమారు 14,700 రూపాయలు పడుతుంది. అదే లెక్కన మరమ్మతు చేసిన యంత్రం మూడేళ్లు పనిచేస్తే ఏడాదికి 11,100, రెండేళ్లకే మూలపడితే దాదాపు 16,000 అవుతుంది. అంటే ఇంకెన్నాళ్లు పనిచేస్తుందన్న దానిపైనే మీ నిర్ణయం ఆధారపడి ఉంది.

ఆ సంగతి యంత్రమే చెబుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్‌ను తెల్లటి పళ్లెంలోకి దింపించి, వెలుతురులో చూడండి. మెరిసే ఇనుప రవ్వలు కనిపిస్తే సీళ్లు మారిస్తే సరిపోదు, గేర్ల పళ్లే అరుగుతున్నట్టు. తర్వాత గేర్‌బాక్స్‌ను బిగించిన చోట రేకును సుత్తితో తట్టండి. గట్టి శబ్దం వస్తే వెల్డింగు నిలుస్తుంది. పొరలు పొరలుగా రాలితే మాత్రం డబ్బు లెక్క పక్కన పెట్టి కొత్తదే కొనండి, ఎందుకంటే ట్రాక్టర్ నుంచి స్లాషర్‌కు శక్తినందించే పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరిగేటప్పుడు అక్కడ అతుకు ఊడితే బ్లేడు తోటలో పనిచేసే మనిషికి తగలవచ్చు. ఈ ఒక్క విషయంలో మాత్రం సర్దుకోవద్దు.

బావగారు చెప్పిన పన్ను లాభం మీకు వర్తించదు. వ్యవసాయ ఆదాయంపై ఆదాయపు పన్నే లేనప్పుడు తరుగుదల (యంత్రం విలువలో ఏటా వచ్చే తగ్గుదల) చూపించి తగ్గించుకునేది ఉండదు. స్లాషర్‌ను ఇతరులకు కిరాయికి తిప్పితే ఆ ఆదాయం లెక్క వేరు.

మరమ్మతుకైతే కిసాన్ క్రెడిట్ కార్డును వాడుకోవచ్చు. పంట రుణ పరిమితికి అదనంగా 20 శాతం వ్యవసాయ ఆస్తుల మరమ్మతు, నిర్వహణ కోసమే కలుపుతారన్నది చాలామంది రైతులు గమనించరు. మూడు లక్షల వరకు గడువులోగా తిరిగి కడితే వడ్డీ నాలుగు శాతమే పడుతుంది. కొత్త యంత్రానికైతే సాధారణంగా టర్మ్ లోన్ (కొన్నేళ్లలో వాయిదాలుగా తీర్చే రుణం) తీసుకోవాలి, దాని వడ్డీ ఎక్కువ.

కొనడానికే మొగ్గితే 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి యంత్రాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిందని గుర్తుంచుకోండి. మీకు చెప్పింది పాత పన్నుతో కూడిన ధర అయితే దాదాపు 6,900 రూపాయలు తగ్గాలి. యాంత్రీకరణ పథకం సబ్సిడీ గురించి రైతు సేవా కేంద్రంలో అడగండి, మంజూరు చేతికొచ్చాకే బిల్లు చేయించండి.

ఏది చేసినా వానలకు ముందే చేయండి. గెలల కోత ముమ్మరంగా సాగే ఆ నెలల్లో గడ్డి పెరిగితే, నూనె ఎక్కువగా ఉండే రాలిన పండ్లు అందులోనే పోతాయి. ఈ వారమే గేర్‌బాక్స్ విప్పించి చూసుకోండి, అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.