గొలుసు సగంలో ఉండగానే

పెరంబూరు, చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కణంలో ప్రోటీన్లను అల్లే రైబోజోమ్‌ల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. విషయం మీద నీకున్న ఇష్టం ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ కణంలో రెండు రకాల రైబోజోమ్‌లు ఉంటాయని, కొన్ని విడిగా తిరుగుతాయని, కొన్ని పొరకు అతుక్కుని ఉంటాయని రాశావు. రకాలు రెండు కావు తల్లీ. అవే రైబోజోమ్‌లు రెండు చోట్లా పనిచేస్తాయి. ఎక్కడ పనిచేయాలో తేల్చేది అప్పుడు తయారవుతున్న ప్రోటీన్. అదీ పని సగంలో ఉండగానే. నీ వ్యాసానికి ఆయువుపట్టు ఇదే, దాన్నే వదిలేశావు.

ఒక్క ప్రోటీన్‌ను పట్టుకుని దాని వెంట నడు. ఇన్సులిన్ తీసుకో. మా వీధిలో ఎన్ని ఇళ్ల ఫ్రిజ్‌లలో అది ఉంటుందో నీకు తెలుసు, నీ పాఠకులు వాళ్లే. క్లోమంలో అది 110 అమైనో ఆమ్లాల గొలుసుగా పుడుతుంది. మొదటి 24 దాని చిరునామా. రైబోజోమ్ లోపలి సొరంగంలో 30, 40 అమైనో ఆమ్లాలు పడతాయి కాబట్టి, చిరునామా మొత్తం బయటపడేసరికి గొలుసు సగం అయిపోతుంది. అప్పుడు ఆ చిరునామాను గుర్తుపట్టే సిగ్నల్ రికగ్నిషన్ పార్టికల్ దాన్ని పట్టుకుంటుంది. అల్లిక నెమ్మదిస్తుంది. కణం లోపల మడతలుగా ఉండే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ పొర మీది ద్వారానికి రైబోజోమ్ చేరాక మళ్లీ ఊపందుకుంటుంది, గొలుసు నేరుగా లోపలికి జారుతుంది. పని తీరిన ఆ 24 అక్కడే తెగిపోతాయి. తర్వాతి కత్తిరింపులన్నీ అయ్యాక ఇన్సులిన్‌లో మిగిలేవి 51.

అసలు ఎందుకు నెమ్మదించాలి? పాఠకుణ్ణి ఇక్కడ కాసేపు నిలబెట్టు. ఆలోగా గొలుసు బయటే పెరిగి ముడుచుకుపోతే ఆ ఇరుకు ద్వారంలో పట్టదు.

రైబోజోమ్‌కు అన్నీ తెలుసని మాత్రం రాయకు. దానికేమీ తెలియదు. నీటికి దూరంగా జరిగే అమైనో ఆమ్లాలు వరసగా కనిపిస్తే, ఆ పార్టికల్‌లోని గాడి వాటికి అతుక్కుంటుంది. నన్ను ఇన్నేళ్లుగా అబ్బురపరుస్తున్నది అదే.

ఈ చిరునామా ఊహను 1971లో ముందుకు తెచ్చినవాళ్లు బ్లోబెల్, సబటీనీ. బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది. మన చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కు 2009లో వచ్చిన నోబెల్ రైబోజోమ్ నిర్మాణానికి. రెండూ కలిపేయకు. మైటోకాండ్రియాకు వెళ్లే ప్రోటీన్లు చాలావరకు తయారీ పూర్తయ్యాకే బయల్దేరతాయి. ఆ సంగతి ఇందులో ఇరికించకుండా విడిగా రాయి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు కొత్త ప్రతి తెచ్చుకో, కూర్చుని చూద్దాం.

పెదనాన్న